వంగపండు అంచు

మా దుకాణంలో ట్యూబ్‌లైటు కింద రంగు తేల్చం. చీర తెచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని, చీర కొంగు, రెండు మూడు తాన్లు పట్టుకుని గడప దాటి రోడ్డు మీదికి వస్తాం. ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తాం. కలిసిన తానును లోపలికి తెచ్చి కోస్తాం. ఈ పద్ధతి మా నాన్నది. చంద్రపూర్ గోల్ బజార్‌లో ఆయన మ్యాచింగ్ సెంటర్ పెట్టినప్పటి నుంచి మారలేదు. రాజురా నుంచి, భద్రావతి నుంచి జనం జాకెట్టు గుడ్డ కోసం బస్సెక్కి మా దగ్గరికి వస్తారు. రామకిషన్ సేట్, అంటే నేను, ఎంచితే మళ్ళీ తిరిగి రానక్కర్లేదని వాళ్ళు అనుకుంటారు. ఆ మాట నా చెవిన పడుతూనే ఉండేది. దాని మీదే బతికాను.

ఆ ఎండాకాలం గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నేను నత్తతో మొదలుపెడతాను.

మా అబ్బాయి అమిత్ పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. కోడలు శ్రీజ జువాలజీ చదివింది. పెళ్ళికి ముందు చలికాలమంతా కొంకణ్ తీరంలో ఒక సర్వేలో పనిచేసింది. సముద్రం వెనక్కి పోయినప్పుడు రాళ్ళ గుంటల్లో మిగిలే జీవాలను ఫొటో తీసి, అవి ఏ జాతివో తేల్చే పని. ఫొటోలు తీయడం అయింది. పేర్లు తేల్చడం మిగిలింది. దాన్ని ఇంటి నుంచి చేస్తోంది. వానలు పడేలోపు రత్నగిరిలో ఉన్న వాళ్ళ మేడమ్‌కు పంపాలి.

దుకాణం సెలవు రోజున, భోజనాలకు ముందు, శ్రీజ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మామయ్య, ఇది ఏం రంగున్నదో చెప్పుండ్రి."

"ఏందిది?"

"నత్త. గుల్ల లేని నత్త. సముద్రంల ఉంటది. మీ బొటనవేలి గోరంత ఉంటది, అంతే."

నా భార్య అనసూయ పళ్ళేలు పట్టుకుని వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"అన్నం తినే బల్ల మీద నత్తనా? అగో, దీనికి గింత సింగారమా! ఎవ్వల పెండ్లికి పోతుంది?"

శ్రీజ వేలితో చూపించింది. ముందు రెండు కొమ్ములు. వెనక వీపు మీద పువ్వులా విచ్చుకున్నవి మొప్పలు. ఒళ్ళంతా చుట్టూ తిరిగి ఒక అంచు.

"చీరకున్నట్టే అంచు మామయ్య. ఒళ్ళు, అంచు, కొమ్ములు. ఒక్కొక్కటి ఏం రంగున్నదో మీరు చెప్పుండ్రి, నేను రాస్త."

"నీకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తది. నేను చెప్తే మీరు నా మాట పట్టుకుంటరు. ఇద్దరు విడివిడిగ చూసి చెప్పాలె, అవి కలిస్తేనే రాయాలె అంటది మా మేడమ్. ఒక్కల కన్ను నమ్మొద్దంట. మీ కన్నుకంటె మంచిది ఈ ఊర్ల నాకు ఏడ దొరుకుతది?"

కోడలు వచ్చాక నా పని గురించి ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదలు. అద్దాలు తుడుచుకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నాను.

"ఒళ్ళు మీగడ రంగు. అంచు కాఫీపొడి రంగు. కొమ్ములు గూడ ఇంచుమించు గట్లనే."

రాస్తున్న ఆమె చేయి ఆగింది.

"ఒంటి మీద ఏమన్న ఉన్నదా?"

"ఏముంటది? సాదా."

శ్రీజ ఫోన్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"దుకాణంల చేసినట్టు బయటికి పోయి చూద్దామా మామయ్య?"

అది నా పద్ధతే. లేచి వాకిట్లోకి వెళ్ళాను. ఎండ తగలకుండా ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి చూశాను.

"మీగడ, కాఫీ. రామకిషన్ ఒక్కసారి చెప్పిండంటే అంతే."

"సరే మామయ్య," అంది. నేను చెప్పినట్టే రాసుకుంది.

ఆ వారంలోనే భద్రావతి నుంచి గ్లోరియా వచ్చింది. ఆమె భర్త ఎడ్వర్డ్ బొగ్గు గనిలో పనిచేస్తాడు. చిన్నకూతురు జెస్లిన్ పెళ్ళి మే నెలలో, అక్కడి చర్చిలో. మా వైపు తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురికి తెల్లచీర. ఆ చీర కొన్నాక వాళ్ళు వచ్చేది మా దగ్గరికి. తెలుపుకు జాకెట్టు ఎంచడం అన్నిటికన్నా కష్టం. ఎరుపులో తేడా మడతల్లో కలిసిపోతుంది. తెలుపులో తేడా పెళ్ళి ఫొటోలో ఉండిపోతుంది. పాల తెలుపు, మల్లె తెలుపు, సున్నం తెలుపు, ముత్యం తెలుపు. మా దుకాణంలో తెలుపుకు ఒక అర మొత్తం కేటాయించాం.

"అన్నా, పెద్దపిల్ల పెండ్లికి మీరిచ్చిన జాకెట్టు చూసి పాస్టరమ్మ ఏమన్నదో తెల్సా? చీరలకెల్లి కోసి కుట్టిచ్చిండ్రా అన్నది."

"గట్ల అనకపోతె నేనెందుకమ్మా ఈడ కూసునుడు?"

"అందుకే ఎండల పడి వచ్చిన. భద్రావతిల దుకాణాలు లేవా అంటుండు ఎడ్వర్డ్. నీ నోట్లెకు పొగాకు ఖర్రా గోల్ బజార్‌దే కావాలె గని, పిల్ల జాకెట్టు ఏడిదైతె ఏందా అన్న. ఊకున్నడు."

నవ్వుకున్నాం. నేను మూడు తాన్లు, చీర కొంగు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాను. పెట్టి చూశాను. ఒకటి ఎంచాను.

"ఇది."

గ్లోరియా గుడ్డను చూసింది, చీరను చూసింది.

"మీరు చెప్తే అంతే అన్నా," అని లోపలికి చూసింది.

లోపల హనుమంతు ఉన్నాడు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ మా దుకాణంలోనే ఉన్నాడు. అతనికి రంగులు నేర్పింది నేను.

"ఇటు ఇయ్యుండ్రి సేట్, నేను కోసి కడత," అని తాను అందుకున్నాడు. లోపలి బల్ల మీద కోసి, కాగితంలో చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. గ్లోరియా పొట్లం సంచిలో పెట్టుకుని, పెళ్ళికి అందరం రావాలని చెప్పి బస్‌స్టాండుకు వెళ్ళింది.

కొన్నాళ్ళకు శ్రీజ ఇంకో ఫొటో తెచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అడిగింది.

"ఇవి రెండు ఒకటేనా మామయ్య, వేరేవేరేనా?"

"ఒకటే. ఇది జర పెద్దది, అంతే."

"ఒకటే అంటరా?"

"కొమ్ములు అవే, అంచు అదే. ఇంకేం కావాలె?"

ఆమె అంచు మీద వేలు పెట్టింది. "ఈ అంచు రంగు గుడ్డ మన దుకాణంల దొరుకుతదా? ఫొటో పక్కన పెట్టుకోని చూద్దాం."

అది నాకు చేతనైన పని. మర్నాడు దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఫొటో పెట్టుకుని, గడప దగ్గర నిలబడి, రుబియా జాకెట్టు గుడ్డల్లో వెతికి ముక్క కోసుకున్నాను. సాయంత్రం ఎండ ఉండగానే ఇంటికి తెచ్చాను. బల్ల మీద పరిచి పక్కన ఫోన్ పెట్టాను. శ్రీజ వచ్చి నిలబడింది. అనసూయ కింద కత్తిపీట ముందు కూర్చుని ఆవకాయకు మామిడికాయలు కొడుతోంది. తల ఎత్తి చూసింది.

"ఇదేంది? వంగపండు అంచుకు కాఫీ రంగు తెచ్చిండ్రు? హనుమంతు ఇచ్చిండా?"

"నేనే తీసిన."

కత్తిపీట చప్పుడు ఆగింది.

"వంగపండు ఏడున్నది?" అని అడిగాను.

అనసూయ శ్రీజ వైపు చూసింది. శ్రీజ గుడ్డ వైపు చూసింది. నేను ఫోన్, గుడ్డ తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. పక్కపక్కన పెట్టి చూశాను. కలిశాయి. తిప్పి పెట్టి చూశాను. అప్పుడూ కలిశాయి. లోపలికి వచ్చి కూర్చున్నాను.

"మామయ్య, ఒక కన్ను మూసి చూడుండ్రి," అంది శ్రీజ. "తర్వాత ఇంకోటి."

కుడికంటితో చూస్తే గుడ్డ మసకగా ఉంది. ఎడమకంటితో కొంచెం నయం. రెండింటికీ అది కాఫీ రంగే. ఇన్నేళ్ళు రంగులు చూసిన నేను ఒక కన్ను మూసి ఎప్పుడూ చూడలేదు.

"మోతిబిందు కావచ్చు మామయ్య, కంట్ల పొర. మా అమ్మమ్మకు గిట్లనే తెల్లది పచ్చగ కనిపిచ్చేది, నీలం నల్లగ కనిపిచ్చేది. ఆమెకు తెల్వనే లేదు. మెల్లమెల్లగ వస్తది కద."

"నీకు మొదటిదినమే తెల్సిందా?"

"అనుమానమైంది."

"చెప్పొద్దా?"

"చెప్తే మీరు నాతోని కొట్లాడుతుండిరి."

"నీతోనే కొట్లాడుతె మంచిగుండు," అంది అనసూయ. "దుకాణం ముంగట కూసోని వచ్చేపోయేటోళ్ళను సాక్ష్యం అడుగుతుండె."

నేను నవ్వలేదు. కళ్ళు పోతాయన్న భయం కన్నా ఇంకో భయం ఎక్కువగా ఉంది. నేను ఎంచిన గుడ్డలు ఎవరెవరి ఒంటి మీద ఉన్నాయో గుర్తు చేసుకుంటున్నాను. గ్లోరియా కూతురి పెళ్ళి దగ్గరికి వచ్చింది. ఈపాటికి జాకెట్టు కుట్టడానికి ఇచ్చి ఉంటుంది. రంగు చెప్పలేని రామకిషన్‌కు ఆ దుకాణంలో పనేముంది? గల్లాపెట్టె ముందు ఎవరైనా కూర్చుంటారు.

పొద్దున దుకాణం తెరిచి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, హనుమంతును పిలిచాను.

"గ్లోరియమ్మకు నేను ఏం రంగు తీసిన?"

హనుమంతు కత్తెర కింద పెట్టాడు.

"ముత్యం తెలుపు తీసిండ్రు సేట్."

"చీర?"

"పాల తెలుపు."

"నువ్వు ఏం కట్టినవ్?"

"పాల తెలుపే కట్టిన."

బయట పండ్ల బండి అతను అరుస్తూ పోయాడు. నేను తెల్లతాన్ల అర వైపు చూశాను.

"ఎప్పటి సంది నడుస్తుంది ఇది?"

"పోయిన దసరా సంది. రోజు కాదు సేట్. తెల్లలు, నీలాలు వచ్చినప్పుడే. ఎర్రలల్ల మీకు ఇప్పటికి గూడ ఎవ్వలు సాటి లేరు."

"గిరాకీలకు తెల్సా?"

"పాతోళ్ళకు తెల్సు. మీ ముంగట సరే అంటరు, నా దిక్కు చూస్తరు. నేను తల ఊపుత."

"అందరా?"

"ఒక్కామె మాత్రం ఒప్పుకోలే. లక్కడ్‌కోట్ ఊరామె. సేట్ ఇచ్చిందే కట్టు, రంగు తప్పయినా నాకు అదే కావాలె అన్నది."

"ఎందుకట్ల?"

"నాకేం తెల్సు? ఆమె పెండ్లి జాకెట్టు మీ నాయిన ఇచ్చిండంట."

"మరి నాతోని ఎందుకు చెప్పలే?"

హనుమంతు దారపు ఉండను అటూ ఇటూ తిప్పాడు.

"ఏమని చెప్పాలె సేట్? నాకు రంగు చూపిచ్చిందే మీరు. మీకు రంగు తెలుస్తలేదని నేను చెప్పాలెనా? రేపు చెప్పుదాం, రేపు చెప్పుదాం అనుకుంట వచ్చిన."

గద్దె మీద కూర్చున్నాను. దసరా నుంచి ఎంతమంది వచ్చారో, రోడ్డు మీద నా పక్కన నిలబడి సరే అన్నా అని ఎంతమంది తల ఊపారో గుర్తుకు వస్తోంది. కోపం వస్తుందని చూశాను. రాలేదు. టీ తెప్పించాను. ఇద్దరం తాగాం. తర్వాత అమిత్‌కు ఫోన్ చేసి కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మన్నాను.

అనసూయ కూడా వెంట వచ్చింది. డాక్టర్ దీపం వేసి చూసి, రెండు కళ్ళకూ మోతిబిందు ఉందని, కుడికన్నుకు ముదిరిందని చెప్పాడు. నేను దీపావళి పోయాక చేయించుకుంటానన్నాను. ఎండాకాలం కంటి ఆపరేషన్ చేయిస్తే పుండు మానదని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. మా అమ్మకు రెండుసార్లు చలికాలం దాకా వాయిదా వేశాం.

డాక్టర్ నవ్వాడు. "కాకా, ఆతా ఉన్హాళా-హివాళా అసం కాహీ నసతం." ఎండాకాలం, చలికాలం అన్న లెక్క ఇప్పుడు లేదని.

నేను అనసూయ వైపు చూశాను. పుండు మానదన్న మాట నాకు మొదట చెప్పింది ఆమే. ఆమె డాక్టర్ వైపు తిరిగింది.

"మీరు ఎప్పుడంటె అప్పుడు తీస్కొస్తం సాబ్."

కుడికన్నుకు చేశారు. ఎడమకన్ను వానాకాలం పోయాక చేద్దామన్నారు. మర్నాడు పట్టీ తీసి, నల్ల అద్దాలు పెట్టి పంపారు. ఆటోలో ఇంటికి వచ్చాం. గుమ్మంలో అద్దాలు తీసి హాల్లోకి చూసి ఆగిపోయాను.

"ఈ గోడలకు రంగు ఎవరు మార్చిండ్రు?"

అమిత్ మందుల సంచి బల్ల మీద పెట్టాడు.

"ఎవ్వలు మార్చలే నాన్నా. పెండ్లికి ముంగట మీరు చెప్పి వేయిచ్చిందే."

"నేను బూడిద రంగు చెప్పిన."

"రంగుల కార్డు మీద మీరు వేలు పెట్టింది దీని మీదనే. పెయింటర్ రెండుసార్లు అడిగిండు."

గోడలు నాలుగూ ఊదారంగులో ఉన్నాయి. దాని మధ్యలో మా అబ్బాయి పెళ్ళి జరిగింది. బంధువులందరూ వచ్చి కూర్చుని భోంచేశారు.

"మరి మీరెవరు చెప్పరా?"

"రంగుల విషయంల మీతోని ఎవరు మాట్లాడుతరు?" అన్నాడు అమిత్.

"మా అక్క అడిగింది," అంది అనసూయ. "మా ఆయనకు ఇష్టమై వేయిచ్చుకున్నడు అన్న. మనసు పడ్డడా అన్నది. అవునన్న."

శ్రీజ కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు ఆమె నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. కన్ను అదురుతుంది, నవ్వొద్దని అమిత్ నన్ను కసిరి, తనే ఇంకా ఎక్కువ నవ్వాడు.

ఫోన్ చూడొచ్చని డాక్టర్ చెప్పిన రోజు నేనే శ్రీజను పిలిచాను.

"ఆ నత్తను తీయి."

ఆమె ఏమీ చెప్పకుండా ఫోన్ నా చేతికిచ్చి రాసుకోవడానికి కూర్చుంది.

"ఒళ్ళు పాల తెలుపు," అన్నాను. "దాని మీద పసుపుపచ్చ చుక్కలు. అంతట ఉన్నయి."

"ఊఁ."

"అంచు వంగపండు. లేతది కాదు, ముదిరింది." ఫొటో పెద్దది చేశాను. "కొమ్ముల మొదట్ల ఒక గీత తిరిగింది. రెండు కొమ్ములను చుట్టి ఉన్నది. ఎన్క మొప్పల చుట్టూత గూడ ఇంకోటి. అంచుది, గీతలది ఒకటే రంగు. ఒకటే తానుల కోసినట్టు."

"రెండో ఫొటో మామయ్య?"

"దీనికి ఆ గీతలు లేవు. చుక్కలు గూడ వేరే తీరున్నయి. ఇది అది కాదు శ్రీజా. నేను ఒకటే అన్న గని, కాదు."

ఆమె తను ముందే రాసుకున్నది చూపించింది. చుక్కలు, అంచు, కొమ్ముల దగ్గర వలయాలు, మొప్పల చుట్టూ వలయం. రెండు మాటలూ కలిశాయి. అప్పుడు నేను ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి ఆ నత్తను చూశాను. కుడికంటితో చుక్కలు, వలయాలు. ఎడమకంటితో మీగడ, కాఫీ. ఒక్కో కంటికి ఒక్కో జాతి. చాలాసేపు అట్లాగే మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను.

తొలకరి పడకముందే రత్నగిరి నుంచి జవాబు వచ్చింది. శ్రీజ తేల్చిన పేరును మేడమ్ ఒప్పుకుంది. ఆ లాటిన్ పేరు నా నోరు తిరగదు. అందులో వలయం అన్న మాట ఉందని శ్రీజ చెప్పింది. రెండోదానికి ఇంకా పేరు తేలలేదు. తేలేదాకా అది మా ఇంట్లో 'పెద్దది' గానే ఉంది.

ఆపరేషన్ వల్ల జెస్లిన్ పెళ్ళికి నేను వెళ్ళలేదు. అమిత్, శ్రీజ వెళ్ళొచ్చారు. జూన్‌లో గ్లోరియా కేకు ముక్కలు డబ్బాలో పెట్టుకుని దుకాణానికి వచ్చింది. ఫోన్ తీసి పెళ్ళి ఫొటో చూపించింది. చర్చి మెట్ల మీద జెస్లిన్, పక్కన పెళ్ళికొడుకు. నేను ఫోన్ తీసుకుని గడప దగ్గరికి వెళ్ళి చూశాను. చీర, జాకెట్టు పాల తెలుపు. అతుకు కనిపించలేదు.

"మీరిచ్చిందే అన్నా," అంది గ్లోరియా. "అందరు అడిగిండ్రు. పాస్టరమ్మ మళ్ళ అదే మాట అన్నది."

నేను హనుమంతు వైపు చూశాను. అతను తాన్లు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు.

"నాకు తెల్సిందమ్మా," అన్నాను.

ఆమె డబ్బా మూత తీసింది.

"అయితె కేకు ఇద్దరు తినుండ్రి," అంది.

తిన్నాం. ఆమె ఇంకా కూర్చునే ఉంది. తన చీర ఒకటి తెచ్చుకుంది, దానికి జాకెట్టు కావాలంది. చీర నీలం, అంచు వంగపండు. బయట వాన పట్టింది. నేను లోపలి అరలోంచి మూడు తాన్లు తీశాను. గడప దగ్గర నిలబడి, కుడికంటితో చూసి, ఒకటి ఎంచాను. ఏది ఎంచానో చెప్పలేదు. మూడింటినీ కలిపి, చీరతో సహా హనుమంతు చేతిలో పెట్టాను.

"నువ్వు చూడు."

"మీరు చెప్పుండ్రి సేట్."

"నేను చెప్తే నా మాట పట్టుకుంటవ్. చూసి చెప్పు."

మబ్బు వెలుతురులో రంగు తేలడానికి సమయం పడుతుంది. హనుమంతు చూరు కింద నిలబడి, తాన్లు తడవకుండా ఒంటికి హత్తుకుని, ఒక్కొక్కటే చీర అంచు పక్కన పెట్టి చూశాడు. గ్లోరియా తొందరపడలేదు. నేనూ తొందరపడలేదు. చివరికి ఒక తాను పైకెత్తి నా వైపు తిప్పాడు.

నేను తల ఊపాను.